రెహానా డి డ్రైవ్

2022. మార్కాపురంలో నేను కంప్యూటర్ రిపేరు దుకాణం పెట్టి అప్పటికి పదకొండేళ్లు. ఒక శుక్రవారం కంభం నుంచి రెహానా ల్యాప్‌టాప్ తెచ్చింది. ఇంటి నుంచే ఒక కంపెనీకి పనిచేసే అమ్మాయి, పాత ఖాతాదారు.

"అన్నా, కొత్త ప్రాజెక్టు లినక్స్‌లో చేయాలంట. విండోస్ తీసేయొద్దు, రెండూ ఉండాల."

లినక్స్ కూడా విండోస్ లాగా కంప్యూటర్‌ను నడిపించే వ్యవస్థే. రెండూ ఒకే దాంట్లో పెట్టడాన్ని డ్యూయల్ బూట్ అంటాం. ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే రెండింటిలో ఏది కావాలో ఎంచుకోవచ్చు.

"ఫైళ్లన్నీ డి డ్రైవ్‌లో పెట్టినావా అమ్మా?"

"నువ్వే కదన్నా చెప్పినావు, సి పోయినా డి పోదని! రెండు నెలల పని దాంట్లోనే ఉంది. సోమవారం అప్పజెప్పాల."

రిపేరు చేసేవాళ్లందరం చెప్పే మాటే అది. విండోస్ మళ్లీ వేసేటప్పుడు డిస్కులో అది ఉండే సి భాగం ఒక్కటే చెరుపుతాం, డి భాగం మిగులుతుంది. ఆ ధీమాతోనే బ్యాకప్, అంటే ఫైళ్లకు వేరేచోట నకలు, తీసుకోలేదు. లినక్స్ కోసం డిస్కులో కొంత భాగం ఖాళీ చేశాను. దాని సైజూ డి సైజూ దాదాపు ఒకటే. లినక్స్ వేసేటప్పుడు సి, డి అనే పేర్లు కనిపించవు. సైజు చూసి ఒకదాన్ని నొక్కాను. అది ఆమె డి డ్రైవ్. ఫైళ్లు చెరిగిపోయి వాటి చోట లినక్స్ చేరింది.

అక్కడ ఆగి ఉంటే రికవరీ సాఫ్ట్‌వేర్‌తో చాలా ఫైళ్లు తిరిగి వచ్చేవి. నా తప్పు బయటపడకూడదని డిస్కంతా చెరిపి, రెండూ కొత్తగా వేసి, "డిస్కు పాడై ఫైళ్లు పోయాయమ్మా" అన్నాను. నమ్మింది.

సోమవారం మళ్లీ వచ్చింది.

"మేనేజరు నమ్మడంలేదన్నా. నేను పనే చేయలేదంటున్నాడు. డిస్కు పాడైందని దుకాణం లెటర్‌హెడ్ మీద రాసియ్యి. లేకపోతే ఉద్యోగం పోతాది."

కాగితం ముందేసుకుని కూర్చున్నాను.

"ఏందన్నా, నాలుగు లైన్లకు పదో తరగతి పరీక్ష రాస్తున్నట్టు కూర్చున్నావు?" అని నవ్వింది.

నాలుగు లైన్లే రాశాను. డిస్కు బాగానే ఉంది. ఫైళ్లు చెరిపింది నేను. ఆమెకు అబద్ధం చెప్పిందీ నేనే. ఆమె తప్పేమీ లేదు.

చదివి తలెత్తింది.

"ఆ పొద్దే చెప్పింటే ఫైళ్లు వచ్చేటివా?"

"చాలావరకు వచ్చేవమ్మా."

కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ ఉత్తరంతో ఉద్యోగం నిలిచిందనీ, రెండు నెలల పనీ మొదటినుంచి చేస్తోందనీ వాళ్ల అన్న తర్వాత చెప్పాడు. ఆమె మాత్రం ఇటు రాలేదు. రావాలని ఆశించే హక్కు కూడా నాకు లేదు.

ఇప్పుడు నకలు తీయకుండా ఎవరి డిస్కూ ముట్టుకోను. అయినా పొరపాట్లు జరుగుతూనే ఉంటాయి. జరిగినప్పుడు కీబోర్డు మీంచి చేతులు తీసేసి, ముందు ఆ మనిషికి ఫోన్ చేస్తాను.