సాటో గారి భార్య ముఖం మీది మసి

1999. మా ఆయన Y2K పని మీద ఆస్ట్రేలియాలో టూవూంబా యూనివర్సిటీకి వచ్చారు, వెనకే నేనూ. ఆయన కంప్యూటర్లలో తేదీలు దిద్దుతుంటే, నేను ఊళ్లో ఒక ఫోటో ల్యాబ్‌లో ప్రింట్లు వేసేదాన్ని. తెనాలిలో మా నాన్న స్టూడియోలో నేర్చుకున్న ‘టచింగ్’ అంటే నాకు మహా గొప్ప. నెగటివ్ మీద పల్చగా మందు రాసి సన్నని పెన్సిల్‌తో దిద్దితే, ప్రింట్‌లో మచ్చలు మాయమవుతాయి. మచ్చ కనబడితే నా చెయ్యి ఊరుకునేది కాదు.

ఆ చలికాలం సాటో గారనే జపాన్ పెద్దాయన బిస్కెట్ల డబ్బా నిండా నెగటివ్‌లు తెచ్చారు. ఇక్కడ కూతురి దగ్గర ఉంటున్నారట. వయసులో ఉండగా బొగ్గు గనిలో పనిచేస్తూ తోటివాళ్లను ఫోటోలు తీశారు. అన్నం డబ్బా విప్పుతున్నవాళ్లు, బూట్లు దులుపుకుంటున్నవాళ్లు, బొగ్గు ఏరే ఆడవాళ్లు. అవి ఎక్కడా అచ్చు కాలేదు, ఆయన పేరు ఎవరికీ తెలియదు. ఒక నెగటివ్ మాత్రం విడిగా కాగితంలో చుట్టి ఇచ్చారు.

“మై వైఫ్. నౌ గాన్. ఓన్లీ వన్ ఫోటో,” అన్నారు.

ఆవిడ ముఖమంతా మసి. అయ్యో పాపం అనిపించింది. అడగకుండానే రెండు పూటలు కూర్చుని బుగ్గలు, నుదురు శుభ్రం చేశాను. పెళ్లికూతురిలా వచ్చారు. మెచ్చుకుంటారనుకున్నాను.

సాటో గారు ప్రింటు చూసి తలెత్తారు. “వేర్ ఈజ్ షీ?”

వినాయకుణ్ణి చేయబోతే కోతి అయింది. ఉన్న ఒక్క నెగటివ్‌నే దిద్దానని చెప్పాను. ఆయన కోప్పడలేదు, కుర్చీలో కూలబడ్డారు. తిట్టినా బాగుండేదనిపించింది.

ఇంట్లో చెప్పుకుని ఏడ్చాను.

“తుడిస్తే పోదా?” అన్నారు మా ఆయన.

“పోతుంది. కానీ పాత ఫిల్మండీ. గీత పడిందంటే ఆవిడ ఇంక రారు.”

“మొన్న నేనూ ఓ ప్రోగ్రామ్ ఫిక్స్ చెయ్యబోయి పాడుచేశాగా? ఓల్డ్ వెర్షన్ పెట్టేశా. నువ్వూ అదే చెయ్యి. ఈసారి ఆయన్ని అడిగి చెయ్యి.”

మర్నాడు అడిగాను. సాటో గారు తలూపి నా పక్కనే కూర్చున్నారు. దూదిని టర్పెంటైన్‌లో తడిపి మెల్లగా అద్దాను. పెన్సిల్ పొర కొంచెం కొంచెంగా లేచింది. కొత్త ప్రింటు ట్రేలో తేలినప్పుడు మసితో సహా ఆవిడ తిరిగొచ్చారు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు, చేత్తోనే తుడుచుకున్నాను.

ఫోటో తీసిననాడు ఆవిడ ముఖం కడుక్కొస్తానంటే తానే వద్దన్నారట. ఆ సంగతి చెబుతూనే సంచిలోంచి పాత కెమెరా తీసి నా వైపు తిప్పారు. అద్దంలో చూసుకుందును కదా, నా బుగ్గ నిండా పెన్సిల్ మసి.

“ఉండండి, ముఖం కడుక్కుని వస్తాను,” అన్నాను.

“నో వాష్,” అన్నారు సాటో గారు.

ఆ ఫోటో ఇప్పటికీ మా హాల్లో ఉంది. ఆ తర్వాత ఎవరి ముఖం మీదా, అడగకుండా ఒక్క మచ్చ చెరపలేదు నేను.