చెక్క మీద తల్లి పేరు

రాత్రి మంచు బాగా పడింది. ఉడకబెట్టి ఆరబోసిన పసుపు కొమ్ములు పొద్దెక్కినా తడిగానే ఉన్నాయి. మేడిపల్లిలో మా కల్లంలో వాటిని తిరగేస్తుండగా ఫోను వచ్చింది. కోరుట్ల బడిలో మాకు సోషల్ చెప్పిన సారు చనిపోయారు.

సారు ఎవరినీ ఒట్టి పేరుతో పిలిచేవారు కాదు. నన్ను "ఏం రా, లచ్చవ్వ కొడుకా" అనేవారు. తరగతిలో అందరి తల్లుల పేర్లూ ఆయనకు తెలుసు. గట్టిగా మాట్లాడగా నేను వినలేదు.

ఈజిప్టు పాఠంలో పుస్తకంలో లేనిది ఒకటి చెప్పారు. దూరాన చనిపోయినవాళ్లను నైలు నది మీద పడవలో ఇంటికి పంపేటప్పుడు మెడకు చెక్క బిళ్ల కట్టేవారట. దాని మీద పేరు, తల్లిదండ్రుల పేర్లు, దింపాల్సిన ఊరు. గుడ్డలో చుట్టాక అందరూ ఒక్క తీరే ఉంటారు కదా.

"బస్సు మీద పార్సిల్ లెక్కనా సారూ?" అన్నాడు వెనుక బెంచీవాడు. అందరం నవ్వాం.

సారూ నవ్వారు. "పార్సిలే రా. గాని దించుకునేటోళ్లు రేవుల ఎదురుసూస్తుంటరు."

తర్వాత కొన్నేళ్లు నేను కిరాయి జీపు నడిపాను. నక్సలైట్ల కాలం. ఎన్‌కౌంటర్ అయితే శవాలను జగిత్యాల ఆసుపత్రికి తెచ్చేవారు. వాటికి బండి కట్టడానికి అందరికీ భయమే. ఒంటిపూట బడుల రోజుల్లో ఒకనాడు సారు వచ్చి, "జీపు తియ్యి రా, సిరిసిల్ల దాక పోవాలె" అన్నారు.

ఆసుపత్రి ముందు సిరిసిల్ల నుంచి వచ్చిన నేతపని ఆమె ఒకతె కూర్చుని ఉంది. ఆమె కొడుకు కోరుట్లలో మేనమామ ఇంట ఉండి సారు దగ్గర చదివాడు. లోపల రెండు శవాలున్నాయి, ఒకటి అతనిదే. రెండోవాడిది సిరిసిల్ల అవతలి ఊరు. అతనివాళ్లు భయపడి రాలేదు.

"సారూ, మొకం సూడనిస్తలేరు. మూట గట్టినంక మా పిలగాడు ఎవడో నాకెట్ల ఎరుకైతది?" అంది ఆమె. "ఇంకొకల కొడుకును నేను సాగనంపాల్నా?"

గుర్తుపట్టి సంతకం పెడతానని సారు లోపలికి వెళ్లారు. సర్కారు నౌకరీలో ఉన్నవాళ్లు అప్పట్లో ఆ పని చేసేవారు కాదు. రెండోవాడి వివరాలు పోలీసుల కాగితంలో చూసుకుని బయటికి వచ్చి, మామిడిపండ్ల పెట్టె నుంచి రెండు చెక్కలు ఊడదీసి, చాయ హోటల్ పొయ్యిలో మేకు కాల్చి అక్షరాలు దిద్దారు. పెన్సిలైతే తడికి పోతుందట.

"పేర్లెందుకు సారూ, నంబర్లేసినం గద," అన్నాడు కాపలా కానిస్టేబుల్.

"నంబరు పెట్టి పిలిస్తే ఇంట్లకెల్లి ఎవలొస్తరయ్యా?"

"రేపు మిమ్ముల గూడ స్టేషన్‌కు పిలుస్తరు."

"పిలువుండ్రి. బడి ఇడిసినంక పిలువుండ్రి."

తర్వాత ఆమెను అడిగారు. "అక్కా, నీ పేరేంది?"

"నాదెందుకు సారూ?"

"దించుకునేది నువ్వు గద."

తండ్రి పేరు కింద ఆమె పేరు రాశారు. తానే లోపలికి వెళ్లి మూటలకు మెడ దగ్గర నూలుతో కట్టివచ్చారు.

సిరిసిల్లలో జీపు ఆగితే ఎవరూ దగ్గరికి రాలేదు. సారు బిళ్ల చేత పట్టుకుని పైకి చదివారు. పేరు, తండ్రి, తల్లి, వాడ. మగ్గాల చప్పుడు ఆగిపోయింది.

"మావోడే. దించుండ్రి," అంది ఆమె.

అప్పుడు నలుగురు కదిలారు. అవతలి ఊళ్లోనూ సారు అట్లాగే చదివారు. చాలాసేపు ఏ తలుపూ తెరుచుకోలేదు. చివరికి ఒక ముసలాయన వచ్చి, చెక్కను తడిమి చూసి, రెండో మూటను దించుకున్నాడు.

ఆ నెలలోనే సారుకు బదిలీ ఉత్తర్వు వచ్చింది. కారణం ఎవరూ చెప్పలేదు, ఆయన అడగలేదు. సోమవారం పొద్దున మొదటి బస్సుకు సారు, ఆయన భార్య వెల్గటూర్ వెళ్లిపోయారు. ఇవాళ కల్లంలో నాకు వచ్చిన ఫోను అక్కడి నుంచే.