దాసమ్మవ్వ పోసిన బాలింత నీళ్లు

పావగడ సూర్యుడి నుంచి కరెంటు తీస్తున్నామని సోలార్ వాళ్లు పెద్ద పెద్ద బోర్డులు పెట్టుకున్నారు గానీ, అసలు ఆ సూర్యుడికి వేడెక్కడం నేర్పింది మా దాసమ్మవ్వ. కావాలంటే మా బలసముద్రంలో ఎవరినైనా అడగండి. ఈ ఊళ్లో నడుం నిటారుగా పెట్టుకుని నడిచే ప్రతి ఆడమనిషికీ బాలింతగా ఉన్నప్పుడు నీళ్లు పోసింది ఆమే. నడుం వంగినవాళ్లంతా ఆమెను పిలవనివాళ్లని ఆమె నమ్మకం. మా బోరునీళ్లలో ఫ్లోరైడు ఉంది, దానివల్లే ఎముకలు వంగుతాయని బళ్లో చెప్పారని నేనంటే, "బళ్లో నువ్వు యాడ కూచున్నావే, బయట నేరేడుపండ్లు తింటాంటివి కదా" అని నోరు మూయించేది.

బాలింత నీళ్లంటే మామూలు స్నానం కాదు. కాన్పయిన ఆడదాన్ని పీట మీద కూర్చోబెట్టి, ఒళ్లంతా నూనె రుద్ది, చెయ్యి పెడితే చురుక్కుమనే నీళ్లు చెంబులతో నడుం మీద బాదినట్టు పోస్తారు. ఎక్కడా గాలి తగలకూడదు. నీళ్లు పోయడం అయ్యాక కూడా తలుపు మూసి, చెమట పట్టేదాకా ఆ ఆవిరిలోనే కూర్చోబెడతారు. ఆ తరవాత నిప్పుల మీద సాంబ్రాణి వేసి పొగ పడతారు. అవ్వ చేతికి చిక్కిన బాలింతలు అరిచేవాళ్లు, ఏడ్చేవాళ్లు, నోటికొచ్చినట్టు తిట్టేవాళ్లు. "తిట్టు తల్లీ, తిడితే నరాలు సాగుతాయి" అని అవ్వ ఇంకో చెంబు పోసేది. నెల తిరిగాక వాళ్లే కొంగులో శనక్కాయలు కట్టుకుని వచ్చి, అవ్వ ముందు కుమ్మరించి, కూర్చుని కబుర్లు చెప్పేవాళ్లు.

మా పాత ఇంట్లో స్నానాల గది అంటే మూడు వైపులా నిలబెట్టిన బండలు, పైన రేకు. బండకీ బండకీ మధ్య చెయ్యి దూరేంత సందు. మూలలో నీళ్లు కాచే రాగి హండా, దాని కింద కంపకట్టెలు, శనక్కాయ పొట్టు. బాలింత ఉన్న రోజుల్లో అవ్వ ఆ సందుల్లో పాత చీరముక్కలు దోపేది. ఎన్ని దోపినా పొగ ఎక్కడో ఒకచోట దారి చూసుకుని బయటికి పోతూనే ఉండేది.

చేను సోలారుకు లీజుకు ఇచ్చాక ఈ కొత్త ఇల్లు కట్టుకున్నాం. స్లాబు, టైల్స్, గట్టిగా పట్టే తలుపున్న బాత్రూము, అందులో గోడకు గ్యాస్ బాయిలరు. కొళాయి తిప్పితే చాలు, దాని కడుపులో మంట అంటుకుని వేడినీళ్లు వచ్చేస్తాయి. నాన్న గొప్పగా తిప్పి చూపిస్తే అవ్వ దాని చుట్టూ కళ్లతోనే ఒక తిరుగు తిరిగి, "గోడకు తగిలించిన పొయ్యి. దీనికింత బడాయి ఏందప్పా" అంది.

అక్క వినుత తొలికాన్పుకు వచ్చింది ఈ ఇంటికే. ఆడపిల్ల పుట్టింది. ఊరందరికీ నీళ్లు పోసిన చేతులతో సొంత మనవరాలికి పోసే రోజు వచ్చిందని అవ్వ చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని తయారైంది. అమ్మా నాన్నా సోలార్ ప్లాంటుకు కూలికి పోతే ఇంట్లో మిగిలేది అవ్వ, అక్క, పసిబిడ్డ, నేను. అయితే బాయిలరు మొండికేసింది. నీళ్లు సలసలా కాగినట్టు వస్తాయి, అంతలో టక్కుమని మంట ఆరిపోతుంది. కాసేపు చల్లారితే మళ్లీ అంటుకుంటుంది, మళ్లీ ఆరిపోతుంది.

"ఒసే శిల్పా, నీ బాయిలరు మళ్లీ సచ్చింది సూడు!" అని అవ్వ నన్ను కేకేసింది.

"నాదెట్లయితాది? నీ కొడుకు తెచ్చిండేది."

"మీ ఇద్దురూ ఆడే కూచోని కొట్లాడండి. నా మొగం మీద సోపు ఆరిపోతాండాది" అని లోపల్నుంచి అక్క కేక.

పావగడ నుంచి మెకానిక్ యోగీశ్ వచ్చాడు. మూత విప్పి, నీళ్లు పోయే గొట్టం ఊడదీసి అవ్వకు చూపించాడు. లోపలంతా తెల్లగా సున్నం పేరుకుపోయి, వేలు దూరాల్సిన చోట పుల్ల కూడా దూరేట్టు లేదు.

"మిషను చెడలేదవ్వా. మీ బోరునీళ్ల పని ఇది. మంట అంతే ఉండాది, నీళ్లు మాత్రం సన్నంగా పోతాండాయి. అందుకే ఇది మితిమీరి కాగుతాది. కాగితే ఇదో, ఈ బిళ్ల గ్యాసు నిలిపేస్తాది" అని నీళ్లు కాగే రాగిపెట్టెకు అతుక్కున్న చిన్న బిళ్లను చూపించాడు. దానికి రెండు వైర్లు ఉన్నాయి. బిళ్లే చెడిందేమో చూద్దామని గొట్టం మళ్లీ తగిలించి, కొళాయి తిప్పి, ఆ రెండు వైర్లనూ ఊడదీసి ఒక క్షణం కలిపి పట్టుకున్నాడు. మంట ఆరలేదు. వెంటనే మళ్లీ బిళ్లకే తగిలించాడు. "బిళ్ల బాగుండాది. అది దాని పని అది చేస్తాండాది."

ఏదో మందు పోసి గొట్టం కడిగితే సున్నం నురగలు కక్కుతూ బయటికొచ్చింది. అన్నీ బిగించి, పోయేముందు చెప్పాడు: "కొళాయి నిండా తిప్పాల. సగం తిప్పినారంటే మళ్లా కాగి ఆరిపోతాది. ఇంకోటి, దీన్ని బయటి గోడకు మార్చాల. వారం తిరిగినాక వచ్చి మారుస్తా. అందాకా ఆ కిటికీ మూయొద్దవ్వా, మంటకు గాలి కావాల."

"నిండా తిప్పితే గోరువెచ్చగా వస్తాండాయి. అవి బాలింతకా, దూడకా?" అంది అవ్వ. "మంటకు గాలి కావాల, బాలింతకు గాలి పనికిరాదు. నీ మంట గొప్పదా, నా మనవరాలు గొప్పదా?"

యోగీశ్ నవ్వాడు. నేనూ నవ్వాను.

అతని బండి మలుపు తిరగ్గానే కిటికీ గాజుపలకల సందుల్లో చీరముక్కలు చేరాయి. కొళాయి సగానికి తగ్గింది. నీళ్లు అవ్వకు కావలసినట్టు చురుక్కుమన్నాయి. కాసేపటికి బాయిలరు ఆరిపోయింది. మరునాడూ అంతే, ఆ మరునాడూ అంతే.

తరవాత జరిగింది నాకు అప్పుడు తెలియదు, అవ్వే చెప్పింది. ఆమె రవికకు ఎప్పుడూ ఒక గుత్తి పిన్నీసులు వేలాడుతుంటాయి. ముల్లు తీయడానికీ, తెగిన చెప్పు పట్టీకీ అన్నిటికీ అవే. ఆ తరవాతి పొద్దున చెంచాతో బాయిలరు మూత తీసి, బిళ్లకున్న రెండు వైర్లూ లాగి, యోగీశ్ పట్టుకున్నట్టే కలిపి ఒక పిన్నీసుకు గుచ్చి పెట్టేసింది. ఇక బాయిలరు ఆరలేదు.

ఆ రోజు అక్క తిట్టలేదు. మొదట అరిచింది గానీ మెల్లగా అరుపు తగ్గిపోయింది. అవ్వకు కూడా తల తిరిగినట్టయింది. వయసు మీద పడిందనుకుంది. అక్కను చెమట పట్టేదాకా కూర్చోమని, కొళాయిని బకెట్లోకి వదిలేసి, తలుపు మూసి, సాంబ్రాణికి నిప్పులు చేయడానికి పెరట్లోకి వచ్చింది. నేను బిడ్డను ఎత్తుకుని నడవాలో ఉన్నాను.

"వినుతా, చాలు, లెయ్" అని పెరట్లోంచి పిలిచింది. పలుకు లేదు. "నిద్దర పోతాంది సూడు, మొద్దుది" అని మురిపెంగా అని, నిప్పులు ఊదుకుంది. మళ్లీ పిలిచింది. ఈసారి ఊదడం ఆపి నావైపు చూసింది.

నేను తలుపు తోశాను. లోపల్నుంచి వేడి మొహాన కొట్టింది. ఎప్పుడూ నీలంగా ఉండే మంట పసుపుపచ్చగా ఎగురుతోంది. అక్క గోడకు ఆనుకుని, తల ఒక పక్కకు వాలి ఉంది. మొహం మాత్రం ఎర్రగా, బాగా నిద్రపట్టిన మనిషిలా ఉంది. బకెట్టెత్తితే నడుం పట్టుకునే మా అవ్వ, నన్ను పక్కకు తోసి లోపలికి పోయి, అక్క చంకల కింద చేతులు వేసి, పెరట్లోకి ఈడ్చుకొచ్చేసింది. ఎండలో పడుకోబెట్టి చెంపల మీద కొట్టింది. "తిట్టే, తిట్టు నన్ను, ఒక్కసారి తిట్టు" అంటూనే ఉంది.

ప్లాంటు జీపులో పావగడ ఆస్పత్రికి, అక్కడ ఆక్సిజన్ పెట్టి తుమకూరుకు తీసుకుపోయారు. మూసిన గదిలో గ్యాసు మండితే వాసన లేని విషపు గాలి పుడుతుందని డాక్టరు చెప్పారు. యోగీశ్ వచ్చి, మూత తీసి, పిన్నీసు చూసి, దాన్ని విప్పి వైర్లు విడదీశాడు. "మంట ఆరినప్పుడల్లా ఆమెకు కాసింత ఊపిరి దొరుకుతాండె" అని మాత్రం అన్నాడు.

అక్క బతికింది. బతికిందనే చెప్పాలి. కుడిచెయ్యి వణుకుతుంది. మాట మొదలుపెట్టి మధ్యలో మరిచిపోతుంది. ఒక్కోరోజు బిడ్డను చూసి, "ఎవరి పాప?" అని అడుగుతుంది. మెల్లగా బాగవ్వచ్చని డాక్టర్లంటారు, ఎంత మెల్లగానో అనరు. బిడ్డకు పాలిచ్చేటప్పుడు అవ్వ పక్కనే కూర్చుని, అక్క మోచేతి కింద తన అరచెయ్యి పెట్టి ఉంచుతుంది. బిడ్డ తాగి నిద్రపోయేదాకా ఆ చెయ్యి తీయదు.

మొన్న పక్కింటి గంగక్క వచ్చింది. ఆమె కోడలికి కాన్పయింది. "దాసక్కా, నువ్వు రాకుంటే ఎట్ల? నా ఇంట్లో హండానే ఉండాది."

"నేను రాను. కిటికీ తెరిసిపెట్టి, గోరువెచ్చని నీళ్లు పోసుకోమను."

గంగక్క, "మిషన్లను నమ్మే కాలమా ఇది? నువ్వేం చేస్తావులే" అని వెళ్లిపోయింది. ఊళ్లో అందరూ ఆ మాటే అంటున్నారు. మంచితనంతోనే అంటున్నారు.

అవ్వ మునుపటిలా మాట్లాడక చాలా రోజులైంది. నాలుగు మాటలనిపిద్దామని, అక్క బిడ్డకు పాలిస్తుంటే దగ్గర కూర్చుని, "అవ్వా, నీ కథ రాస్తాండా. తప్పంతా ఆ బాయిలరుదే అని రాసి పెట్టినా. సరేనా?" అన్నాను.

ఆమె అక్క మోచేతి కింద నుంచి చెయ్యి తీయలేదు.

"బాయిలరు ఆగిపోతానే ఉండె కదే. ఆగనియ్యంది నేను. అట్లే రాయి, లేకుంటే చింపి పారెయ్."