ఉర్లాలో పాడే మా అత్త

మా మేనత్త మొన్న బుధవారం పొద్దున పోయింది. ఫోన్‌లో నాన్న చెప్పిన మాట వింటే ఊరటే కలిగింది. "చాయ్ తాగింది బిడ్డా. ఏందో కూనిరాగం తీసుకుంట కుర్చీలనే కన్నుమూసింది." తనకంటే ముందు తన గొంతు పోవద్దని అత్త ఏళ్లుగా దేవుడికి మొక్కేది. ఆయన ఆ ఒక్క మాట విన్నాడు. అందుకే కళ్లు తుడుచుకుంటూ రాస్తున్నా, గుండె తేలిగ్గానే ఉంది.

రాయపూర్ చుట్టుపక్కల అత్త పాడని చోటు లేదు. నవరాత్రుల్లో అమ్మవారి భజనలు, తిల్దాలో రైస్‌మిల్లు వాళ్ల ఇళ్లల్లో ఛత్తీస్‌గఢీ పెళ్లిపాటలు, తెలీబంధా హోటల్లో సాయంత్రం పూట గజళ్లు, ఉర్లా ఫ్యాక్టరీల పార్టీల్లో కాళ్లు ఊరుకోనివ్వని ఇంగ్లీషు పాటలు. వాటి అర్థం అత్తకు సగమే తెలుసు, విరుపులు మాత్రం అన్నీ తెలుసు. భజనకు రూపాయి బిళ్లంత బొట్టు, గజల్‌కు చిన్న చుక్క, ఇంగ్లీషు పాటకు అసలు బొట్టే లేదు. ఈ మార్పులన్నీ ఆటోలోనే జరిగిపోయేవి. ఒకసారి హడావుడిలో పెద్దబొట్టుతోనే ఇంగ్లీషు పాట అందుకుంది. "ఏంగాదు తియ్, అమ్మవారు గూడ ఇన్నది గా పాట," అని నవ్వింది.

స్కూల్లో నా పాట ఉందంటే ముందు కంచం పెట్టేది. "ఆకలి మీద పాడకు బిడ్డా, పాటల కోపం దూరుతది," అనేది.

అంత మనిషికీ ఒక భయం ఉండేది. నాయనమ్మ. తాత పోయాక నల్లగొండ నుంచి వచ్చి రాయపూర్‌లో మా దగ్గరే ఉండేది. అత్తకు సంగీతం చెప్పించినప్పుడే ఒక మాట తెగేసి చెప్పిందట: "గుళ్ల పాడు, పెండ్లిళ్ల పాడు. తాగేటోళ్ల ముంగట పాడితే నువ్వు నా బిడ్డవే గాదు." యాభై దగ్గరపడినా అత్తకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంటూనే ఉండేది.

నాన్న అబద్ధమేమీ చెప్పలేదు. "బిడ్డ ఏడికి పోయిందిరా?" అని నాయనమ్మ అడిగితే, "ఉర్లాల పాడుతుందమ్మా," అనేవాడు. ఆమె చెవికి అది 'ఊర్ల' అయ్యేది. ఊళ్లో అంటే ఏ గుడిలోనో అనుకుని దండం పెట్టుకునేది. మేమెవ్వరం దిద్దలేదు.

పదిహేనేళ్ల కిందట నాన్న స్నేహితుడు రిటైరై, తెలీబంధా హోటల్లో మధ్యాహ్నం భోజనానికి పిలిచాడు. నాన్న డ్యూటీలో ఉంటే, అత్త అక్కడ పాడేది సాయంత్రాలే కదా అని నాయనమ్మను నేనే తీసుకెళ్లాను. లోపలికి అడుగుపెడితే ఎదురుగా స్టేజీ మీద మెరుపుల చీరలో, బొట్టు లేకుండా అత్త! పాడాల్సిన అమ్మాయికి జ్వరమొస్తే అప్పటికప్పుడు పిలిచారట. ముందు టేబుళ్ల నిండా మందు గ్లాసులు. అత్త మమ్మల్ని చూసింది. పాట ఆపలేదు గానీ మొహం పాలిపోయింది.

నాయనమ్మ కుర్చీ అంచున కూచుని కదలకుండా వింది. "గిదేనా ఊర్ల పాడుడంటే?" అంది. నేను మంచినీళ్లు ఆమె ముందుకు జరిపాను. ఇంతలో పక్క టేబుల్ దగ్గర గ్లాసు పట్టుకున్న ఒకాయన గట్టిగా మాట్లాడబోయాడు. నాయనమ్మ అతని వైపు తిరిగి, "ఏయ్, చుప్! గానా సున్," అని, నోరు మూసుకుని పాట వినమని కసిరింది.

పాట అయిపోయింది. అత్త దిగి రాలేదు, మైకు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వడ్డించే అబ్బాయి వచ్చి, ఏమైనా కావాలా అన్నట్టు, "మాతాజీ, కుఛ్ చాహియే?" అని అడిగాడు.

నాయనమ్మ ఏమీ వద్దని తల ఊపి, స్టేజీ వైపు చెయ్యి చూపించి, వచ్చీరాని హిందీలో హాలంతా వినేలా చెప్పింది. "కుఛ్ నై. ఓ గానేవాలీ... మేరీ బిడ్డ."

అత్త చేతిలో మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. "హమ్మయ్య" అని ఆమె వదిలిన ఊపిరి నాలుగు మూలల స్పీకర్లలోంచీ వినపడింది. తెలుగు రాని ఆ జనమంతా కొత్త పాట మొదలైందనుకుని చప్పట్లు కొట్టారు.