గీత పడని హెల్మెట్

ఆసుపత్రి వరండాలో నర్సు ఇచ్చిన ప్లాస్టిక్ సంచిలో భర్త చెప్పులు, చొక్కా, హెల్మెట్ ఉన్నాయి. దర్జీపని చేసే ఆ ఇల్లాలు హెల్మెట్‌ను బయటికి తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. ఒక్క గీత లేదు. దవడ కింది పట్టీని లాగి చూసింది; జానెడు సాగింది.

ఆయన బేకరీ రొట్టెలను సైకిలుపై ఇళ్లకు చేరవేస్తుండగా, ఆగి ఉన్న కారు తలుపును ఎవరో హఠాత్తుగా తెరిచారు. ఆయన ఎగిరి కాలిబాట అంచున పడ్డాడు. అప్పటినుంచి కన్ను తెరవలేదు.

"హెల్మెట్ పెట్టుకున్నారా?" అని డాక్టరు అడిగితే, "పెట్టుకున్నారండీ" అంది. మాట వరకు అది నిజమే. మన భాషలో క్రియకు ‘కొను’ చేరితే ఫలం చేసినవాడికే దక్కాలి. వండుకున్నవాడు తింటాడు, కప్పుకున్నవాడికి చలి తగ్గుతుంది. అంత చిన్న ధాతువుకు అంత భరోసా ఎవరిచ్చారో గాని, ఈయన పెట్టుకున్నదాని ఫలం ఈయనకు దక్కలేదు. ఎందుకో ఆమెకు ఇప్పుడు అర్థమైంది.

దవడ కింది పట్టీ నొక్కుతోందని ఆయన రోజూ గొణిగేవాడు.

"ఇది హెల్మెట్టా, ఉరితాడా? గుటక పడట్లేదే!"

"మాట్లాడ్డం తగ్గించండి, అదే పడుతుంది."

చివరికి పట్టీ కత్తిరించి, పిల్లల నిక్కర్లకు వేసే మెత్తని ఎలాస్టిక్ కుట్టింది. బిగుతుకు ఆమెకు తెలిసిన మందు అదొక్కటే. బేకరీ కుర్రాళ్లందరూ తమవీ తెచ్చారు. అదే బేకరీలో పనిచేసే మరిదైతే, "వదినా, మెడకి వెన్న రాసినట్టుంది!" అని మురిసిపోయాడు.

ఆమె డాక్టరు వెంట పరుగెత్తింది. "గట్టి పట్టీ ఉండి హెల్మెట్ జారకపోతే, ఆయన బాగుండేవారా?"

"దెబ్బ ఎంత తగ్గేదో చెప్పలేనమ్మా. హెల్మెట్ అన్ని దెబ్బల్నీ ఆపదు. కానీ తల మీద నిలిస్తేనే కదా, ఏదైనా ఆపేది!"

అంతలో మరిది మెట్లెక్కి వచ్చాడు. ఆమె చేతిలోనిది చూసి మండిపడ్డాడు.

"పెట్టుకుని ఏం ఒరిగింది వదినా? అన్నయ్య తల పగిలింది, దీనికి మాత్రం చెక్కు చెదరలేదు. నాది చెత్తకుప్పలో పడేస్తా. బేకరీలో అందరూ అదే అంటున్నారు."

ఊరుకుంటే వాళ్లంతా వట్టి తలలతో రోడ్డెక్కుతారు. నోరు విప్పితే ఈ ఇంట్లో తన ముఖం ఎవరు చూస్తారు? అతడు వెనుదిరిగాడు.

"ఆగు చిన్నోడా! దెబ్బ తగిలేటప్పుడు ఇది తల మీద లేదు. వెనక్కి జారిపోయింది. అందుకే గీత పడలేదు. నేను కుట్టిన ఎలాస్టిక్ సాగిపోయింది."

అతడు ఆమె చేతులకేసి చూశాడు.

"అంటే... నువ్వా?"

"నేనే. నీదీ, వాళ్లందరివీ అంతే. గట్టి పట్టీలు వేయించుకునేదాకా ఎవరూ సైకిలెక్కొద్దని చెప్పు. నన్ను తిడితే తిట్టనీ."

అతడు మెట్లు దిగి, సైకిలు ఎక్కకుండా నడిపించుకుంటూ బేకరీ వైపు సాగాడు. ‘వెళ్లొస్తా వదినా’ అనకుండా అతడు వెళ్లడం అదే మొదలు.