మూత మీద పేరు

మాంట్రియల్‌లోని మా ల్యాబ్‌లో కణాలకు రోజూ పోషక ద్రవం మార్చే టెక్నీషియన్ ఆవిడ. మానసిక జబ్బున్నవాళ్ల రక్తం నుంచి మూలకణాలు, వాటి నుంచి మెదడు కణాలు పెంచి, జబ్బు ఎక్కడ మొదలవుతుందో వెతకడం మా పని. ఆవిడకి కణాలు పెంచే ప్రతి ప్లేటూ ఒక మనిషే. ఆదివారం మంచు కురుస్తున్నా వచ్చి, "ఈయనకి భోజనం పెట్టి వెళ్తానండీ" అనేవారు.

ఒకరోజు బైపోలార్ అనే మానసిక జబ్బున్న ఒకాయన కణాలనూ, ఏ జబ్బూ లేని ఆయన తమ్ముడి కణాలనూ మైక్రోస్కోపులో చూసి, "వీళ్లిద్దరూ తారుమారయ్యారండీ. తమ్ముడుగారు ఇంత నెమ్మదిగా పెరగరు" అన్నారు.

"చూసి గుర్తుపట్టడానికి మీ చుట్టాలా?" అని నవ్వాను.

డీఎన్‌ఏ పరీక్షలో ఆవిడ మాటే నిజమైంది. అలాంటి కన్ను నేను మళ్లీ చూడలేదు. కానీ మీటింగులో తప్పెవరిదంటే అందరూ ఆవిడ వైపే చూశారు. పేర్లు ప్లేట్ల మూతల మీద రాసిందీ, ఆ మూతలు ఒకదానిది ఒకదానికి పెట్టిందీ నేను. నోరు విప్పలేదు. ఆవిడకు తెలుసు. "ఇకనుంచి పేరు ప్లేటు మీదే రాద్దామండీ" అని మాత్రం అన్నారు. ఆవిడ కాంట్రాక్టు పొడిగించలేదు.

ఇప్పుడు విన్నిపెగ్‌లో ఒక ల్యాబ్‌లో మూలకణాల గది మొత్తం ఆవిడే నడుపుతున్నారు. ఆవిడ దగ్గర నేర్చుకున్న ఖమ్మం అమ్మాయి ఈమధ్య మా దగ్గర చేరింది. మొదటిరోజే నా ప్లేటు ఎత్తి, అడుగున పేరుందో లేదో చూసింది.

"మూతని నమ్మొద్దు అంకుల్. ఆంటీ అస్సలు ఒప్పుకోరు."

ప్లేటు కింద పెడుతూ మళ్లీ అంది.

"ఎవరో సైంటిస్టు ఒకసారి మూతలు మార్చేశారట. ఎవరని ఎంత అడిగినా ఆంటీ చెప్పలేదు."

"నేనే" అన్నాను. సోమవారం మీటింగులో అందరి ముందూ ఆ మాటే చెప్పాను.