ఎర్ర మంకీ క్యాప్

పోయిన శనివారం మా మనవడు ఫోను నా ముఖం ముందు పెట్టి, తాతయ్యా ఇదిగో నీ టికెట్ అన్నాడు. చూస్తే అందులో స్టాండు పేరు, వరస, సీటు నంబరు, ఏ గేటులోంచి రావాలో కూడా రాసి ఉంది. ఫుట్‌బాల్ మ్యాచ్‌కి సీటేమిట్రా అని నవ్వాను. వాడికి అర్థం కాలేదు గాని వాళ్ళమ్మకి అయింది. కారు తాళాలు వెతుక్కుంటున్న మా అమ్మాయి ఒక్క క్షణం ఆగి నా వంక చూసింది. డెబ్బైల్లో ఈ ఇంగ్లండు దేశానికి వచ్చి, శనివారం మధ్యాహ్నాలు ఫుట్‌బాల్ గ్రౌండులో సిమెంటు మెట్ల మీద నిలబడి గడిపినవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, ఆ చూపు సంగతి మీకు చెప్పాలి.

నేను పనిచేసిన కారు విడిభాగాల ఫ్యాక్టరీ కోవెంట్రీకి కాస్త దూరంలో ఒక చిన్న ఊళ్ళో ఉండేది. ఆ ఊరి క్లబ్బు పేరు చెప్పను, చెప్పినా మీరు విని ఉండరు. నీలం చొక్కాలు వేసుకుని ఎక్కువగా ఓడిపోతూ, ఎప్పుడైనా గెలిస్తే మా ఫోర్‌మన్ చేత కూడా సోమవారం పొద్దున్నే ఈల వేయించే క్లబ్బు. మొదటి చలికాలంలో నన్ను అక్కడికి లాక్కెళ్ళింది ఆ ఫోర్‌మనే. తెనాలిలో వాలీబాల్ తప్ప ఏ ఆటా దగ్గరగా చూడని నాకు, ఆట కన్నా ముందు ఆ గుంపులో నిలబడడం నచ్చింది. ఫ్యాక్టరీలో నేను ఏ మాటన్నా రెండోసారి చెప్పించుకునే మనుషులు అక్కడ నా అరుపుని మొదటిసారికే అర్థం చేసుకునేవారు. అలాగని అంతా సుఖమేమీ కాదు. మావాళ్ళు ఓడిపోతున్నప్పుడు పై మెట్ల మీద నుంచి నా ఒంటి రంగు గురించి మాటలు వినబడేవి, బయట బరువు బూట్ల గుండు కుర్రాళ్ళు కొట్టడానికి నాలాంటివాడు ఎవడు దొరుకుతాడా అని తిరిగేవారు. అందుకని ఆట పూర్తి కాకముందే జారుకుని బస్టాపు చేరడం అలవాటు చేసుకున్నాను.

ఒక ఏప్రిల్లో, ఓడితే కింది డివిజన్‌కి పడిపోయే మ్యాచ్ ఒకటి వచ్చింది. అవతలివాళ్ళు ఎర్ర చొక్కాలవాళ్ళు, వాళ్ళ పరిస్థితీ అదే. ఫ్యాక్టరీలో వారం రోజులు వేరే మాట లేదు. సరిగ్గా ఆ శనివారమే మా ఆవిడ పనిచేసే ఆసుపత్రిలో షిఫ్టులు మారి తనకి డ్యూటీ పడింది, ఎప్పుడూ పిల్లని చూసుకునే పక్కింటావిడ ఊళ్ళో లేదు. మా అమ్మాయికి అప్పుడు ఆరో ఏడు. మ్యాచ్ మానుకోవచ్చుగా అంటారేమో, అన్నారంటే మీరు ఆ రోజుల్లో ఏ క్లబ్బునీ పట్టుకుని వేలాడలేదన్నమాట. "తీసుకెళ్తే తీసుకెళ్ళండి గాని, చెవుల్లోకి గాలి పోయిందంటే రాత్రంతా లేచి కూర్చోవాల్సింది నేను" అంటూ మా ఆవిడ పిల్లకి మంకీ క్యాప్ తొడిగింది. మా అమ్మ మొదటి మనవరాలికి శుభంగా ఉండాలని కుంకుమ రంగు ఊలుతో అల్లి తెనాలి నుంచి పార్సెల్లో పంపిన క్యాప్ అది. ఇంగ్లీషు పిల్లలు పొట్టి చేతుల చొక్కాలతో తిరుగుతుంటే మా పిల్ల ఒక్కతీ కళ్ళూ ముక్కూ తప్ప ఏమీ కనబడకుండా బయల్దేరింది. దాని రంగు సంగతి మా ఇద్దరికీ తట్టలేదు. మా దృష్టిలో అది చెవులు కప్పే వస్తువు, అంతే.

ఆ మెట్ల మీద ఒక ఆచారం ఉండేది. పెద్దవాళ్ళ నడుముల మధ్య పిల్లలకి ఏమీ కనబడదు గనక, పిల్లని ఎత్తి ముందువాడికి అందిస్తే, తలల మీదుగా చేతులు మారుతూ అట్టడుగున మైదానం అంచునున్న పొట్టి గోడ దాకా చేరిపోయేది. ఆట అయ్యాక తండ్రులు దిగివెళ్ళి ఎవరి పిల్లల్ని వారు తెచ్చుకునేవారు. ఎన్నోసార్లు నేనూ చేతులు చాచి పిల్లల్ని అందించినవాణ్ణే. నా పిల్ల వంతు వచ్చేసరికి మాత్రం చేతులు ఆడలేదు. ఆ గుంపులో నన్ను తిట్టే గొంతులు ఉన్నాయి, ఆ గొంతులకి చేతులు కూడా ఉంటాయి కదా. ఇక్కడుంటే నలిగిపోతుంది అంటూ ఫోర్‌మనే నా చంకలోంచి పిల్లని తీసుకుని ముందుకి అందించాడు. అది ఏడవలేదు. వెనక్కి తిరిగి నన్నే చూస్తూ, ఆ తలల మీద తేలుతూ వెళ్ళిపోయింది.

ఆ మ్యాచ్ ఎలా జరిగిందో నన్ను అడగకండి. ఒక కన్ను బంతి మీద, ఒక కన్ను గోడ మీది ఎర్ర క్యాప్ మీద పెట్టుకుని నిలబడ్డాను. చివర్లో బంతి వాళ్ళ గోలు దగ్గరే తిరుగుతుండడంతో రెండు కళ్ళూ అటే పోయాయి. మావాళ్ళు గోలు కొట్టారు. వెనక నుంచి జనం ఒక్కసారిగా విరుచుకుపడితే నా కాళ్ళు నేలని వదిలేశాయి, మళ్ళీ ఆనేసరికి చాలా మెట్లు కింద ఉన్నాను, ఒక బూటు లేదు. తలెత్తి చూస్తే గోడ మీద ఎర్ర క్యాప్ లేదు.

ఈల మోగింది, జనం మైదానంలోకి దూకారు. తండ్రులందరూ పిల్లల్ని భుజాలకెత్తుకుంటుంటే నేను గోడ పొడుగునా పరుగెత్తాను. కనబడ్డ ప్రతివాణ్ణీ పట్టుకుని అడిగాను, ఇంగ్లీషులో అడిగానో తెలుగులో అడిగానో దేవుడికే తెలియాలి. చివరికి ఒక పోలీసు, ఎర్ర టోపీ పిల్లా, అది అటుపక్కవాళ్ళ పిల్ల కదా అన్నాడు. ఎర్రవాళ్ళ బిడ్డ పొరపాటున ఇటు వచ్చిందని గోడ దగ్గర నిలబడ్డవాళ్ళు చెబితే, కాసేపటి కిందట తనే చెయ్యి పట్టుకుని నడిపించి అవతలి స్టాండులో అప్పజెప్పాడట.

నేను ఆ మైదానం ఎలా దాటానో చెప్పలేను. ఓడిపోయినవాళ్ళని గొడవలవుతాయని పోలీసులు బయటికి వదలకుండా ఆపి ఉంచారు. ఆ కోపమంతా గోడ అవతల ఉడుకుతోంది. దానికి ఎదురుగా, మెడలో నీలం స్కార్ఫుతో, ఒక కాలికి బూటు లేకుండా నేను. నా మీదికి ఏవేవో వచ్చి పడుతున్నాయి, మాటలు, కాగితం కప్పులు. అప్పుడు కనబడింది మా అమ్మాయి. గోడ మీద కూర్చుని చిప్స్ తింటోంది. చేతుల నిండా పచ్చబొట్లున్న ఒక భారీ మనిషి దాని కోటు వెనక గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో వెనకనుంచి నెట్టుకొచ్చే జనాన్ని ఆపుతున్నాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఏడ్చినట్టున్నాడు.

నేను చేతులు చాచాను. అతను ఇవ్వలేదు. నా స్కార్ఫు వంక చూసి, ఈ పిల్ల మాది, నువ్వెవరివి అన్నాడు. నాకు వచ్చిన ఇంగ్లీషంతా ఆ క్షణాన ఎటో పోయింది. అతను వంగి, ఈయన నీకు తెలుసా అని పిల్లని అడిగాడు. తనని ఎవరి చేతుల్లోనో పెట్టినందుకు అది నా మీద అలిగి ఉంది, పలకలేదు. చుట్టూ మూగినవాళ్ళు గోడ మీదికి వంగారు.

"నాన్నా, చెవులు దురద పెడుతున్నాయి, ఇది తీసెయ్యవా" అంది చివరికి.

అతనికి ఒక్క ముక్క అర్థమై ఉండదు. అయినా పిల్లని ఎత్తి నా చేతుల్లో పెట్టాడు. పెట్టి, నా మెడ మీదికి చెయ్యి చాచాడు. కొడతాడనుకుని కళ్ళు మూసుకున్నాను. అతను నా స్కార్ఫు లాగి, మడిచి, నా కోటు జేబులో కుక్కి, బస్టాపు చేరేదాకా బయటికి తీయకు అని చెప్పాడు.

ఇంటికొచ్చాక కథంతా పిల్లే చెప్పేసింది. మా ఆవిడ దాన్ని ఒళ్ళో పెట్టుకుని విని, "ఎవరో గాని వాళ్ళ కడుపు చల్లగా ఉండ" అంది. తర్వాత చాలా రోజులు నాతో మాట్లాడలేదు. నేను మాత్రం ఆ రాత్రి పడుకుని ఒకటే అనుకున్నాను, నా చుట్టూ ఉన్న అన్ని వేల మంది మా పిల్లని చూసి, దాని ఒంటి రంగు వదిలేసి టోపీ రంగు చూశారు గదా అని.

పోయిన శనివారం మనవడికీ మా అమ్మాయికీ మధ్య మెత్తటి సీట్లో కూర్చున్నాను. ఆ మెట్లు పడగొట్టి చాలా కాలమైంది, ఫోర్‌మన్ పోయాడు, క్లబ్బు ఇంకా ఓడిపోతూనే ఉంది. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు, పైగా జనాన్ని సర్దే స్టీవర్డు నాకు దారి చూపించి సార్ అన్నాడు. అది చిన్న మార్పేమీ కాదు, కాదనను. ముందు వరసలో ఒక చిన్న పిల్ల ఏమీ కనబడక సీటెక్కి నిలబడితే, స్టీవర్డు వచ్చి దింపేశాడు. ఆ పిల్ల మునివేళ్ళ మీద లేస్తూ, మెడ సాగదీస్తూ అవస్థ పడుతోంది. నా చేతులు వాటంతటవే ముందుకి లేచాయి.

మా అమ్మాయి నా మణికట్టు పట్టుకుని, "నో, నాన్నా. యూ కాంట్ డూ దట్ నౌ" అంది మెల్లగా. నిజమే, ఇప్పుడు ఎవరి పిల్లని ఎవరు ముట్టుకుంటారు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. తను మాత్రం ఆట అయ్యేదాకా నా మణికట్టు వదల్లేదు.